ఎనిమిది మిషన్లకూ ఒకే రోగం

రెండు వేల నాలుగు దసరా సెలవుల్లో, నందిగామలోని ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎనిమిది మిషన్లలోనూ విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాను. ఎక్కించమని నన్నెవరూ అడగలేదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. ఎందుకంటే ఆ తరువాతి వారమంతా నేను విసుక్కోని మనిషి లేడు, నేనొక్కణ్ణి తప్ప.

అప్పటికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి రెండేళ్ళయింది. ఉండేది జగ్గయ్యపేట. పొద్దున ఏడున్నర బస్సెక్కి, హైవే మీద సిమెంటు లారీల వెనక పొగ పీల్చుకుంటూ నందిగామ చేరి, సాయంత్రం దాకా పాఠాలు చెప్పేవాణ్ణి. ఇన్‌స్టిట్యూట్ ఓనరు గారి ఇంటి కింది వాటాలో ఉండేది. పైన వాళ్ళ కాపురం. ఆయనది తాతల నాటి నూనె మిల్లు. కంప్యూటర్లంటే ఆయన దృష్టిలో ఇంకో ఎనిమిది మోటార్లు. విజయవాడలో కాపీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ మీద దాడులు చేస్తున్నారని ఎవరో చెప్పేసరికి ఆయనకి భయం పట్టుకుంది. నేను అదను చూసుకుని, లినక్స్ అయితే లైసెన్సు గొడవే లేదనీ, అన్ని పనులూ చేస్తుందనీ చెప్పాను.

"అన్నీనా?" అన్నారాయన.

"అన్నీ అండి."

"చూడు మరి. తర్వాత నన్ననొద్దు."

ఆ అన్నిట్లోనూ నేను లెక్కేసుకోనిది ఒకటుంది. మా దగ్గర మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ అని ఒక కోర్సు నడిచేది. అమెరికాలో డాక్టర్లు రోగుల వివరాలు రికార్డు చేసి పంపితే, ఇక్కడ హెడ్‌ఫోన్ పెట్టుకుని విని టైపు చెయ్యాలి. ఆ రోజుల్లో దాని మీద అందరికీ మోజు. పన్నెండు మందితో మొదలైన బ్యాచ్‌లో చివరికి ఒక్క అమ్మాయే మిగిలింది. వీరులపాడు దగ్గర పల్లె వాళ్ళది. అమ్మా నాన్నా పొలం పనులకి వెళ్ళేవాళ్ళు, ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమే. ఊరి దగ్గరి ప్రైవేటు బడిలో టీచరుగా చేస్తూ, మూడు నెలలు సెలవు పెట్టి ఈ కోర్సులో చేరింది.

దసరా సెలవులు అయ్యాక వచ్చే రెండో సోమవారం, విజయవాడలో ఒక కంపెనీ పరీక్ష ఉంది. మూడు రికార్డింగులు వినిపిస్తారు, విన్నది విన్నట్టు టైపు చెయ్యాలి. బడి హెడ్‌మిస్ట్రెస్ ఆమె ఉద్యోగాన్ని ఆ తరువాతి బుధవారం దాకా ఆపి ఉంచుతానంది. ఆ లోపు వస్తాననో రాననో తేల్చాలి. పరీక్ష నెగ్గితే విజయవాడ, పోతే అదే బడిలో అదే నాలుగో తరగతి. నెలన్నరగా మామూలు రికార్డింగులు విని టైపు చేసింది. ప్రాక్టీసు సిడిలో చివరి ఇరవై అన్నిటికంటే కష్టమైనవి. వాటిని ఈ ఆఖరి వారానికని దాచి ఉంచింది నేనే.

సెలవులైపోయాక సోమవారం పొద్దున ఆమె నాలుగో నంబరు మిషన్ ముందు కూర్చుంది. రెండు నిమిషాలకి చెయ్యెత్తింది.

"సార్, సౌండ్ రావట్లేదండి."

మొదటి రోజు నేను కంగారు పడలేదు. నాకో పద్ధతుంది. లాంగ్ నోటుబుక్కులో ఎడమ పేజీ మీద చేసిన పరీక్ష, కుడి పేజీ మీద వచ్చిన ఫలితం, వరుస నంబర్లతో రాస్తాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది దేని వల్లో తెలియదు. ఒకటి, సౌండ్ చిప్‌ని లినక్స్ గుర్తుపట్టిందా? పట్టింది. రెండు, దాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, ఎక్కిందా? ఎక్కింది. మూడు, మిక్సర్ తెరిచాను. నల్లటి తెర మీద ధర్మామీటర్లలా నిలువు గొట్టాలు, ఒక్కో గొట్టం ఒక్కో వాల్యూమ్. ప్రతి దాని కిందా రెండేసి M లు. అంటే మ్యూట్ అన్నమాట. అప్పట్లో లినక్స్‌లో సౌండ్ కొత్తగా పెడితే అన్నీ నోరు మూసుకునే పుట్టేవి. స్పీకర్లు ఒక్కసారిగా అరిచి పాడవకూడదని అట ఆ జాగ్రత్త. ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్ళు "మూసి ఉంచాం, తెరుచుకోండి" అని తెర మీద ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది?

అన్నీ తెరిచాను. గొట్టాలన్నీ ఎర్రబడేదాకా పైకి ఎక్కించాను. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుంటే నా గుండె చప్పుడే వినిపించింది.

మంగళవారం ఇంకో తప్పు దొరికింది. విద్యార్థుల లాగిన్‌కి సౌండ్ వాడే అనుమతి లేదు. అసలు సౌండ్ వినడానికి అనుమతేమిటి? సినిమా హాల్లో టిక్కెట్టు కొని లోపల కూర్చున్నాక చెవులకి ఇంకో టిక్కెట్టు అడిగినట్టుంది. ఎనిమిది మిషన్లలోనూ అందరికీ అనుమతి ఇచ్చాను. నిశ్శబ్దం. మధ్యాహ్నానికి మూడో తప్పు దొరికింది. ప్లే నొక్కితే "పరికరం ఖాళీగా లేదు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ కనిపించింది. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఆ ఎర్రర్ చూసి చుట్టాన్ని చూసినంత సంతోషపడ్డాను. డెస్క్‌టాప్ తాలూకు సౌండ్ ప్రోగ్రామ్ ఒకటి తెర వెనక ఎవరికీ చెప్పకుండా సౌండ్ కార్డుని పట్టుకుని కూర్చుంది. దాన్ని ఆపేశాను. ఎర్రర్ పోయింది. ప్లే నొక్కగానే సెకన్లు నడవడం మొదలైంది. పద్నాలుగు, పదిహేను, పదహారు. తెర మీద ఎవరో డాక్టరు ఎవరి కడుపు గురించో చెప్పుకుపోతున్నాడు. చెవిలో ఏమీ లేదు.

పనిచెయ్యని మిషన్‌తో నాకు పేచీ లేదు. అన్ని తప్పులూ సరిదిద్దుకుని, అంతా బ్రహ్మాండంగా ఉందని చెబుతూ మాట్లాడని మిషన్‌ని ఏం చెయ్యాలి? కొట్టాలి. ఏడో నంబరుని ఒకసారి అరచేత్తో కొట్టాను కూడా. నోటుబుక్కులో రాయలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో జగ్గయ్యపేట నెట్ సెంటర్ దగ్గర దిగాను. లినక్స్ వాడేవాళ్ళ చర్చా వేదిక ఒకటుంది. చేసినవన్నీ నంబర్లతో సహా రాసి సహాయం అడిగాను. బుధవారం పొద్దున బస్సెక్కే ముందు చూస్తే మూడు జవాబులున్నాయి. ఒకాయన, ఇది ఇంతకు ముందే చర్చించాం వెతుక్కోమన్నాడు. ఇంకొకాయన నా లినక్స్ పాతదన్నాడు. మూడో ఆయన తన మిషన్‌లో బాగానే వినిపిస్తోందని తెలియజేశాడు.

బుధవారం ఆమె వచ్చేసరికి నేను నాలుగో నంబరు ముందే కూర్చున్నాను.

"రాలేదాండి?" అంది.

"వస్తుంది. చాలా వరకు అయిపోయింది."

"చాలా వరకు వినిపిస్తే చాలండి."

వెటకారమో కాదో తేల్చుకోలేకపోయాను. ఆమె ముఖం మామూలుగానే ఉంది. సిడితో పాటు రికార్డింగుల్లో ఉన్న మాటల అచ్చు ప్రతి ఇచ్చారు, అది తీసి నాకిచ్చింది. "పోనీ మీరు చదవండి సార్, నేను టైపు చేస్తా. చేతులైనా అలవాటు తప్పకుండా ఉంటాయి."

చదివాను. అరవై రెండేళ్ళ స్త్రీ, పిత్తాశయంలో రాళ్ళు, జ్వరం లేదు, వాంతులున్నాయి. అమెరికా డాక్టరు కాగితం మీద ఇంగ్లీషులో చెప్పినదంతా నా నోట జగ్గయ్యపేట పాలిటెక్నిక్ ఇంగ్లీషులో బయటికొచ్చింది. ఆమె ఎక్కడా ఆగకుండా కొట్టుకుంటూ పోయింది. ఒక్క తప్పు లేదు.

"చూశారా, ఎంత బాగా చేశారో!" అన్నాను.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసింది. "మీరు చదివితే అన్నీ అర్థమవుతున్నాయండి. అదే భయంగా ఉంది."

అప్పుడే ఓనరు గారు లోపలికొచ్చారు. రెండు చేతులూ వెనక కట్టుకుని, మిల్లులో మోటారు ఆగితే మనుషుల చుట్టూ తిరిగినట్టు నా కుర్చీ చుట్టూ తిరిగారు.

"ఏమయ్యా, అన్ని పనులూ చేస్తుందన్నావుగా?"

"చేస్తుందండి. చిన్న సెట్టింగు."

"సోమవారం నుంచి చిన్న సెట్టింగే చెబుతున్నావు. పాతది పెట్టెయ్. ఊళ్ళో అందరూ అదే వాడుతున్నారు, ఎవరూ జైలుకి పోలేదు."

"ఒక్కరోజు ఆగండి."

"నేను ఆగుతాలే. ఆ పిల్ల పరీక్ష ఆగుద్దా?"

అదీ నిజమే. అయినా పాతది పెట్టలేదు. ఇక్కడ నా తర్కం చెప్పాలి, దాని మీద నాకు ఇప్పటికీ కొంత గౌరవముంది కాబట్టి. ఒక మిషన్ మూగబోతే వైరు కావచ్చు, చిప్పు కావచ్చు. ఎనిమిది మిషన్లూ ఒకే రోజు ఒకేలా మూగబోతే అది వస్తువుల్లో లోపం కాదు. ఎనిమిది వైర్లు ఒకే రోజు తెగవు, ఎనిమిది చిప్పులు ఒకే రోజు కాలవు. ఎనిమిదింటికీ ఉమ్మడిగా జరిగింది ఒక్కటే, నేను లినక్స్ ఎక్కించడం. కాబట్టి తప్పు లినక్స్‌లోనే ఉండాలి, లేదా దాన్ని ఎక్కించిన నాలో. హెడ్‌ఫోన్లని అప్పటికే ఓనరు గారి టేప్ రికార్డరుకి పెట్టి చూశాను, బాగున్నాయి. కంప్యూటర్ వెనక నుంచి బల్ల మీదికి ఒక పొడిగింపు వైరు వచ్చేది, హెడ్‌ఫోన్లని దానికే గుచ్చేవాళ్ళం. ఆ వైరు కంప్యూటర్‌కి సరిగ్గా గుచ్చి ఉందా అన్నది నా జాబితాలో పదిహేడో అంశం. పక్కన టిక్కు పెట్టాను, చూడకుండానే. గుచ్చింది నేనే కదా, చూడటమెందుకు?

గురువారం మొత్తం డ్రైవర్ మార్చడానికి పోయింది. దాని గురించి రాయను. రాస్తే మళ్ళీ తలనొప్పి వస్తుంది. ఆ రోజు ఆమె రాలేదు. వచ్చి ఏం చెయ్యాలి? ఫోన్ చేద్దామంటే వాళ్ళింట్లో ఫోన్ లేదు. బడికి వెళ్ళి వస్తానని చెప్పేసిందేమో అన్న అనుమానం ఒక్కటి పొద్దుటి నుంచీ నన్ను తొలిచేసింది.

శుక్రవారం పొద్దున వచ్చింది. ముందు రోజు నందిగామ వచ్చి ఇంకో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిందట. వాళ్ళ బ్యాచ్‌లు నిండుగా ఉన్నాయి, కుదరదన్నారట. ఇదంతా నాకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు నిలబడి చెప్పింది. చెప్పుకోవాల్సింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు.

నేను సిడి పెట్టె తీసి, నాలుగో నంబరులో విండోస్ తిరిగి పెట్టడం మొదలుపెట్టాను. గంట పైన పట్టింది. ఓనరు గారు గుమ్మంలో నిలబడి చూశారు. విండోస్ వచ్చింది. సౌండ్ డ్రైవర్ వేశాను. తెర కింద మూల చిన్న స్పీకర్ బొమ్మ వచ్చింది. ప్లే నొక్కాను. సెకన్లు నడిచాయి. చెవిలో ఏమీ లేదు.

నిజం చెప్పాలి. మొదటి రెండు క్షణాలు నాకు సంతోషం కలిగింది, లినక్స్ తప్పు లేదు కదా అని. ఆ తరువాత పదిహేడో అంశం పక్కన నేను పెట్టిన టిక్కు గుర్తొచ్చింది.

బల్ల కిందికి దూరి సీపీయూని బయటికి లాగి, వెనక్కి తిప్పాను. పొడిగింపు వైరుని ఊడబీకితే పిన్ను కొస మీద పసుపు పచ్చటి పొర ఉంది. సౌండ్ రంధ్రాలు మూడుంటాయి, నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఒకదాని కింద ఒకటి. మూడూ పూడిపోయి ఉన్నాయి. వేలితో గీకితే ఎండిన ముద్ద రాలింది. వాసన చూశాను. గంధం.

"ఏంటండీ అది?" అంది ఆమె వెనక నుంచి.

నేను అయిదో నంబరు లాగాను. ఆరు, ఏడు లాగాను. అన్నీ అంతే. ఓనరు గారు వంగి చూసి, తలెత్తి మేడ మెట్ల వైపు కేకేశారు. "ఏమేవ్, ఒకసారి కిందికి రా!"

ఓనరు గారి భార్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ దిగొచ్చారు. విషయం చెబితే కొంచెం కూడా తడబడలేదు.

"అవును, నేనే పెట్టాను. ఆయుధ పూజ రోజున. ఏమైంది?"

"అక్కడెందుకు పెట్టావే?" అన్నారాయన.

"మరెక్కడ పెట్టాలి? మన మిల్లులో మోటారుకి ఎక్కడ పెడతాం? కరెంటు ఎక్కే వైపు. అదేగా దాని ముఖం! వీటికీ వైర్లన్నీ ఆ వైపే ఉన్నాయి, ఫ్యాను కూడా ఆ వైపే ఉంది. ఎనిమిదింటినీ పీట మీద అటు తిప్పి పెట్టింది మీరే కదా? చక్కగా మూడు గుండ్రాలు, ఒక్కోటి ఒక్కో రంగు. బొట్లకే పెట్టారనుకున్నా. పసుపు, గంధం కలిపి నిండా అద్దాను."

ఓనరు గారు నా వైపు చూశారు. తిప్పి పెట్టింది ఆయనే. బొట్లు పెట్టింది ఆవిడ. కానీ పూజ అయ్యాక ప్రసాదం తిని, వైర్లన్నీ తిరిగి తగిలించింది నేను. బల్ల కింద చీకట్లో, చూడకుండా చేతి స్పర్శతోనే ఎనిమిది మిషన్లు తగిలించగలనని అక్కడున్న వాళ్ళతో గొప్పలు చెప్పుకుని మరీ తగిలించాను. తడి గంధంలోకి పిన్నులు గుచ్చుతుంటే మెత్తగా దిగాయి. మెత్తగా దిగడం నా నైపుణ్యం అనుకున్నాను. నాలుగు రోజులు నేను ఒక్కటి తరువాత ఒక్కటి మాత్రమే మార్చుతూ వచ్చాను, కానీ ఆ సెలవుల్లో మిషన్లకి జరిగిన మార్పులు రెండు. పూజ ఒక మార్పని నాకు తట్టనే లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి బాబూ? గట్టిపడిపోయినట్టుందే," అన్నారావిడ. "ఉండు," అని పైకి వెళ్ళి దీపం వత్తుల పొట్లం, నాలుగు అగరుబత్తి పుల్లలు, ఇంజెక్షన్ చేసే ముందు రాసే స్పిరిట్ సీసా తెచ్చారు. వత్తి దూదిని పుల్లకి చుట్టి, స్పిరిట్‌లో ముంచి, రంధ్రంలో పెట్టి తిప్పారు. నా దగ్గర స్క్రూడ్రైవర్ల సెట్టు మొత్తం ఉంది. ఒక్కటీ పనికి రాలేదు.

"నిదానంగా ఆంటీ, లోపల సన్నటి రేకులుంటాయి," అన్నాను.

"నువ్వు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో బాబూ. మా అత్తగారి ముక్కుపుడకని ముక్కున ఉండగానే, నొప్పి తెలియకుండా శుభ్రం చేసినదాన్ని."

నాలుగో నంబరు మొదట అయింది. వైరు గుచ్చాను, ఈసారి వంగి, కళ్ళతో చూసి. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్లే నొక్కింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"వస్తోందండి," అంది. తరువాత, "అయ్య బాబోయ్, ఏం మాట్లాడుతున్నాడండీ ఇతను!"

హెడ్‌ఫోన్ తీసుకుని నేనూ విన్నాను. నోట్లో ఏదో నములుతూ, కారు నడుపుతూ చెబుతున్నట్టున్నాడు డాక్టరు. పది మాటల్లో నాకు మూడు అర్థమయ్యాయి. ఇంకో సంగతి కూడా గమనించాను, కుడి చెవిలోనే వస్తోంది. ఎడమ వైపు చచ్చిపోయింది. లోపలి రేకు మీద ఇంకా పొర ఉండి ఉంటుంది.

"ఒక్క పది నిమిషాలివ్వండి. ఎడమ వైపు కూడా తెప్పిస్తాను," అంటూ పుల్ల అందుకున్నాను.

ఆమె వైరు మీద చెయ్యి పెట్టింది. "వద్దు సార్."

"సగమే వస్తోందండి."

"రెండు చెవుల్లోనూ చెప్పేది అదే కదండీ? మీరు ముట్టుకోవద్దు. దండం పెడతా."

ఓనరు గారి భార్య ఫక్కున నవ్వారు. నేను పుల్ల కింద పెట్టాను.

ఆ సాయంత్రం, శనివారమంతా, ఆదివారం చర్చి అయ్యాక వచ్చి చీకటి పడేదాకా ఆమె ఆ ఒక్క చెవితోనే కూర్చుంది. ఒక్కో వాక్యం పది సార్లు వెనక్కి తిప్పేది. మొదట మాటల్ని పట్టుకోవాలని చూసింది, తరువాత ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇరవైలో పదకొండు పూర్తయ్యాయి. ఈలోపు నేను మిగిలిన ఏడు మిషన్లనీ శుభ్రం చేసి లినక్స్‌తోనే రెండు చెవుల్లోనూ వినిపించేలా చేశాను. ఏ మిషన్‌కైనా మారమని చెప్పి చూశాను, కదల్లేదు. నాలుగు రోజులు, రోజుకి ఆరు గంటలు, మొత్తం ఇరవై నాలుగు గంటలు ఆమె దగ్గర్నుంచి లాక్కున్నానని నోటుబుక్కులో చివరి పేజీలో రాసుకున్నాను. ఎడమ పేజీ మీద. కుడి పేజీ మీద ఏం రాయాలో అప్పటికి తెలియదు.

సోమవారం, మంగళవారం ఏ కబురూ లేదు. బుధవారం ఆఖరి రోజు. పాఠం చెబుతూ పది సార్లు గుమ్మం వైపు చూశాను. ఒక పిల్లవాడికి చెప్పిందే రెండు సార్లు చెప్పాను. మూడింటికి వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, ముందు మంచినీళ్ళు అడిగింది. తాగింది.

"ఏమైందండీ?" అన్నాను, ఆగలేక.

"మొదటి రికార్డింగు మొత్తం పోయిందండి. ఏం మాట్లాడాడో దేవుడికే తెలుసు. రెండోది సగం రాశా. మూడోది మన పన్నెండో దాని లాంటిదే. అది కాగితం మీద చూశాం గానీ వినలేదు మనం. అయినా కిందా మీదా పడి మొత్తం రాసేశా."

"అయితే?"

"ట్రైనీగా తీసుకుంటారట. మూడు నెలలు చూసి ఉంచుతారో లేదో చెబుతారట." గ్లాసు కింద పెట్టింది. "మొదటిది కూడా వచ్చుంటే నేరుగా తీసుకునేవాళ్ళంట సార్."

ఆమె నా నుంచి ఏమీ ఆశిస్తున్నట్టు లేదు. గోడ గడియారం చూసింది. "బడిలో నాలుగింటి దాకానే మేడమ్ ఉంటారు. ఫోన్ ఒకసారి వాడుకోవచ్చాండి?"

ఓనరు గారు తన బల్ల మీది ఫోన్‌ని ఆమె వైపు తిప్పి, కుర్చీలోంచి లేచి పక్కకి జరిగారు. ఆమె నంబరు తిప్పి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మూడు నెలల తరువాత అక్కడ వద్దంటే ఈ బడి కూడా ఉండదు. ఆ లెక్క ఆమె నాకంటే ముందే వేసుకునుంటుంది. గదిలో టైపు చేస్తున్న పిల్లలందరూ ఆగిపోయారు.

"నమస్తే మేడమ్, నేనేనండి... బాగున్నానండి... లేదండి, అది చెప్పడానికే చేసా." గొంతు సవరించుకుంది. తరువాతి మాట, అవతల వాళ్ళకి మళ్ళీ అడగాల్సిన పని లేకుండా, నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా వినపడేలా అంది. "నేను రానండి. నాలుగో తరగతి ఇంకొకరికి ఇచ్చెయ్యండి."